వంద వాట్లతో డాబా మీద నుంచి రేడియో కాంటెస్ట్ ఎలా ఆడాలి

అక్టోబర్ నెలాఖరు శనివారం పొద్దున్నే 5:30 అయ్యేసరికి హామ్ రేడియోలో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్లు నడిపే మా లోకంలో, 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) మీద ఇసకేస్తే రాలదు. ఏ మూల డయల్ తిప్పినా ఎవరో ఒకళ్ళు సీక్యూ కాంటెస్ట్ సీక్యూ కాంటెస్ట్ (కాంటెస్ట్‌లో ఎవరైనా నాకు జవాబివ్వండి) అని అరుస్తుంటారు, ఒకళ్ళ గొంతు మీద ఇంకొకళ్ళ గొంతు, మామూలు రోజుల్లో ప్రశాంతంగా కబుర్లు చెప్పుకునే చోట సంతలాగా ఉంటుంది. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్ళు చాలామంది ఇది విని భయపడి రేడియో కట్టేసి, సోమవారం చూద్దాంలే అనుకుంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా రివర్స్. చిన్న స్టేషన్ ఉన్నవాడికి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు ఉండవు, ఎందుకంటే ఆ రెండు రోజులు ప్రపంచంలో పెద్ద పెద్ద యాంటెన్నాలు ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, మీ బలహీనమైన సిగ్నల్‌ని కూడా వెతికి పట్టుకునేది వాళ్ళే.

అసలు సంగతి తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాంటెస్ట్ అంటే ఇచ్చిన టైమ్‌లో ఎన్ని స్టేషన్లతో మాట్లాడగలమో చూడటం, ఒక్కో కాంటాక్ట్‌ని క్యూఎస్ఓ అంటాం, అందులో ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు సిగ్నల్ రిపోర్టూ ఇంకో చిన్న నంబరూ ఇచ్చుకుంటారు, అంతే, ఊరూ పేరూ వాతావరణం ఏమీ ఉండదు. అన్నిటికంటే పెద్దది సీక్యూ వరల్డ్‌వైడ్, 1948 నుంచి నడుస్తోంది. మాటల కాంటెస్ట్, అంటే ఎస్ఎస్‌బీ, అక్టోబర్ చివరి పూర్తి శని ఆదివారాల్లో, మోర్స్ అంటే సీడబ్ల్యూ నవంబర్ చివరి పూర్తి శని ఆదివారాల్లో, ఒక్కోటి 48 గంటలు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో శనివారం సున్నా గంటలకి మొదలు కాబట్టి మనకి శనివారం పొద్దున 5:30 నుంచి సోమవారం పొద్దున 5:30 దాకా. ఇందులో ఇచ్చుకునే నంబర్ జోన్ నంబర్, మనది 22.

ఈ 22 అన్న నంబర్ విలువ ముందు బుర్రకెక్కాలి. ప్రపంచాన్ని 40 జోన్లుగా చేశారు, ప్రతి బ్యాండ్ మీదా ప్రతి కొత్త జోన్, ప్రతి కొత్త దేశం ఒక మల్టిప్లయర్, అంటే మొత్తం పాయింట్లని దాంతో గుణిస్తారు. మన జోన్‌లో మనమూ, శ్రీలంక, మాల్దీవులు, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మన లక్షద్వీప్, ఇంతే. అండమాన్ కూడా వేరే దేశం కింద లెక్కేగానీ దాని జోన్ 26. ఈ మొత్తం ప్రాంతంలో కాంటెస్ట్‌లో సీరియస్‌గా కూర్చునేవాళ్ళు యూరప్‌తో పోలిస్తే చాలా తక్కువ. అంటే యూరప్‌లో వెయ్యి వాట్లు, నాలుగంతస్తుల ఎత్తు టవర్ ఉన్న స్టేషన్‌కి 10 మీటర్ల మీద జోన్ 22 దొరకలేదనుకోండి, అతనికి మీ వంద వాట్ల సిగ్నల్ బంగారం. మీరు అతన్ని వెతుక్కోవడం కాదు, అతనే మిమ్మల్ని వెతుక్కుంటున్నాడు. నేను మొదటి రెండేళ్ళు ఇది తెలీక ఎవరు సీక్యూ పిలిస్తే వాళ్ళ వెనక క్యూలో నించుని గంటకి పది పదిహేను క్యూఎస్ఓలు చేసేవాణ్ణి. మూడో ఏడు 15 మీటర్ల మీద ఖాళీ చూసుకుని నేనే సీక్యూ అన్నా, నాలుగో పిలుపుకి ఒక ఇటలీ స్టేషన్ వచ్చింది, దాని వెనకే ఇద్దరు, తర్వాత పది నిమిషాల్లో చెవిలో గోలగోల, ఎవరి కాల్‌సైన్ (అక్షరాలూ అంకెలతో ఉండే స్టేషన్ పేరు) ఏదో అర్థం కాని గుంపు. దాన్నే పైలప్ అంటారు. ఆ రోజు చేతులు వణికాయి నాకు, పెన్ను పట్టుకోలేకపోయా.

పాయింట్ల లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి, ఎందుకంటే ఏ గంటకి ఏం చేయాలో ఆ లెక్కే చెప్తుంది. వేరే ఖండం స్టేషన్‌కి 3 పాయింట్లు, మన ఆసియాలోనే వేరే దేశానికి 1, మన దేశానికే అయితే 0. ఉదాహరణకి యూరప్, ఆఫ్రికా వగైరా 150 క్యూఎస్ఓలు, జపాన్ లాంటివి 50 చేశారనుకోండి, 450 ప్లస్ 50, మొత్తం 500 పాయింట్లు. జోన్లు 40, దేశాలు 90 వచ్చాయంటే 130 మల్టిప్లయర్లు, స్కోరు 65,000. ఇప్పుడు ఇంకో మామూలు జర్మనీ స్టేషన్‌ని పట్టుకుంటే 390 పెరుగుతుంది. అదే ఆ బ్యాండ్ మీద ఇంతవరకు దొరకని యూరప్ దేశం ఒకటి దొరికితే 893 పెరుగుతుంది, అంటే రెండు మామూలు క్యూఎస్ఓల కంటే ఎక్కువ. ఇక చాలామంది వదిలేసే కిటుకు ఇది: మన దేశం స్టేషన్‌కి పాయింట్లు సున్నా అయినా మల్టిప్లయర్ మాత్రం ఇస్తారు, దేశం ఒకటి జోన్ ఒకటి, ప్రతి బ్యాండ్ మీదా. అంటే మీ ఊళ్ళో ఫ్రెండ్‌తో ఒక బ్యాండ్ మీద ఒక్క క్యూఎస్ఓ చేస్తే పైన లెక్కలో వెయ్యి పెరుగుతుంది. జీరో పాయింట్లు కదా అని మనవాళ్ళని దాటి వెళ్ళిపోతారు, అది తప్పు, ప్రతి బ్యాండ్ మీద ఒక్క వీయూ, అంటే ఇండియా, స్టేషన్‌ని తప్పకుండా లాగ్‌లో (కాంటాక్టులు రాసుకునే పద్దు) వేసుకోండి. ఇంకోటి, రష్యా వాళ్ళ కాల్‌సైన్‌లో అంకె 8, 9, 0 ఉంటే అది ఆసియా వైపు, మనకి 1 పాయింటే, మిగతా అంకెలు దాదాపు యూరప్ వైపు, 3 పాయింట్లు. సాఫ్ట్‌వేర్ ఇదంతా చూసుకుంటుందిగానీ రెండు స్టేషన్లు ఒకేసారి పిలిచినప్పుడు ముందు ఎవర్ని తీసుకోవాలో మీకు తెలియాలి కదా.

యాంటెన్నా దగ్గర ఎక్కువ ఖర్చు పెట్టమని నేను చెప్పను. మా డాబా మీద ఆరు మీటర్ల జీఐ పైపు, దాని పైన ఇన్వర్టెడ్ వీ (తిరగేసిన వీ ఆకారంలో రెండు వైపులా దిగే తీగ), అంతే నాది. తీగ పొడవు లెక్క తేలిక, 143 ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 (40 మీటర్ల బ్యాండ్) కి సుమారు 20 మీటర్లు, అటు పది ఇటు పది. 14.2 (20 మీటర్ల బ్యాండ్) కి పది మీటర్లు, అటు ఐదు ఇటు ఐదు. 21.2 (15 మీటర్ల బ్యాండ్) కి 6.75, 28.5 (10 మీటర్ల బ్యాండ్) కి ఐదు. ముందు ఓ అర అడుగు ఎక్కువే ఉంచి పైకెత్తి నానో వీఎన్ఏతో (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపే చిన్న మీటర్) చూసి కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ రండి, కోసింది మళ్ళీ అతకడం కష్టం. 40 మీటర్లకి కట్టిన తీగ, 15 మీటర్లు దానికి మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) కాబట్టి, 15 మీటర్ల మీద కూడా ట్యూనర్‌తో బాగానే పనిచేస్తుంది, అంటే ఒక్క తీగకి రెండు బ్యాండ్లు. 20, 10 మీటర్ల తీగలు కూడా అదే ఫీడ్ పాయింట్ (కేబుల్ వచ్చి తీగకి తగిలే చోటు) దగ్గర కలిపి వేరే దిక్కుల్లోకి లాగితే నాలుగు బ్యాండ్లూ అయిపోయినట్టే. ఫీడ్ పాయింట్ దగ్గర ఫెరైట్ రింగ్ మీద కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) ఓ పది చుట్లు చుట్టండి, లేకపోతే ఆర్ఎఫ్, అంటే రేడియో శక్తి, అంతా కేబుల్ వెంట ఇంట్లోకి వచ్చి కంప్యూటర్ కీబోర్డ్ పిచ్చి పిచ్చిగా ఆడుతుంది, కాంటెస్ట్ మధ్యలో అది జరిగితే ఏడుపొస్తుంది. తీగ చివర్లు పిల్లల చేతికి అందని ఎత్తులో కట్టండి. పైపు ఎటు పడినా కరెంటు తీగల మీద మాత్రం పడకూడదు, పైపు పొడవుకి తగ్గ దూరం చూసుకున్నాకే నిలబెట్టండి, ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. అక్టోబర్ నవంబర్ మన కోస్తాకి తుఫాన్ల సీజన్, ఉరుము వినపడిందంటే స్కోరు ఎంతున్నా కోయాక్స్ పీకి కిటికీ బయట పడేయడమే.

యాంటెన్నా కంటే మన పట్టణాల్లో పెద్ద సమస్య నాయిస్. మా ఇంట్లో 20 మీటర్ల మీద ఎప్పుడూ సిగ్నల్ మీటర్ ఎస్7 (ఎస్ పక్కన అంకె పెద్దదైతే గోల ఎక్కువ) చూపిస్తుండేది, ఊరంతా ఇంతేలే అని నాలుగేళ్ళు సరిపెట్టుకున్నా. ఒక ఆదివారం రేడియోని బ్యాటరీకి తగిలించి, ఇంట్లోవాళ్ళకి చెప్పి మెయిన్ కట్టేశా. ఎస్7 కాస్తా ఎస్3 అయింది! అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ ఎత్తుకుంటూ వెళ్ళా, హాల్ ఎంసీబీ ఎత్తగానే మళ్ళీ ఎస్7. హాల్లో ఒక్కో ప్లగ్ పీకితే చివరికి సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ ఒకటి, మెట్ల కింద ఎల్ఈడీ బల్బు ఒకటి దొరికాయి. రెండూ మార్చడానికి నాలుగొందలు కూడా కాలేదు. ఆ నాలుగొందలు నాకు ఇచ్చిన ఫలితం ఏ యాంటెన్నా ఇవ్వలేదు, ఎందుకంటే వాళ్ళు పిలుస్తున్నా నాకు వినపడనప్పుడు ఎంత పవర్ ఉండి ఏం లాభం. కాంటెస్ట్‌కి నెల ముందే ఈ పని చేయండి. ఇన్వర్టర్, సోలార్ ఇన్వర్టర్, చవక మొబైల్ ఛార్జర్, వైఫై రౌటర్ అడాప్టర్, ఎవర్నీ నమ్మొద్దు, అన్నిట్నీ పీకి చూడండి. పక్కింటి వాళ్ళ సామాను అనుమానం ఉంటే పోట్లాటకి పోకుండా ఓ చిన్న రేడియో పట్టుకెళ్ళి "పిన్నిగారూ ఒక్క నిమిషం ఇది ఆపి చూస్తారా" అని అడగండి, వాళ్ళ చెవులతో వాళ్ళే వింటే వెంటనే ఒప్పుకుంటారు.

కరెంటు పోతుంది, అది ముందే అనుకోండి. వంద వాట్ల రేడియో ట్రాన్స్‌మిట్‌లో 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. మంచి బ్యాటరీ ఒకటి ఫుల్ ఛార్జ్‌తో పక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్ కూడా ఛార్జ్ చేసుకుంటే చాలు. లైసెన్స్‌లో మీ గ్రేడ్‌కి ఎంత పవర్ రాసుందో అంతే వాడండి, బ్యాండ్ అంచులు కూడా అంతే, మనకి 40 మీటర్ల బ్యాండ్ 7.200 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, అమెరికా వాళ్ళు 7.300 దాకా ఉంటారు, వాళ్ళు గట్టిగా వినపడుతున్నారు కదా అని అక్కడికి వెళ్ళి పిలవకూడదు.

లాగింగ్‌కి ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ పెట్టుకోండి, విండోస్ మీద నడుస్తుంది, ఫ్రీ. కాల్‌సైన్ కొట్టగానే ఆల్రెడీ చేశామా, కొత్త మల్టిప్లయరా, ఎన్ని పాయింట్లు, అన్నీ అదే చెప్తుంది, జోన్ కూడా చాలాసార్లు అదే నింపేస్తుంది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు, అవతలివాడు చెప్పిందే రాయాలి, అమెరికా కెనడా వాళ్ళ కాల్‌సైన్ చూసి జోన్ ఊహిస్తే తప్పు పడే అవకాశం చాలా ఎక్కువ. మొదలుపెట్టే ముందు విండోస్‌లో టైమ్ జోన్ సరిగ్గా ఇండియా టైమ్ ఉందో లేదో చూసుకోండి, సాఫ్ట్‌వేర్ దాన్నుంచే యూటీసీకి మార్చుకుంటుంది. నా మొదటి కాంటెస్ట్‌లో పేపర్ మీద మన టైమ్ రాసుకుని తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించా. శనివారం అర్ధరాత్రి దాటాక, తెల్లారి 5:30 లోపు చేసినవన్నీ ఆదివారం తేదీ వేశా, యూటీసీలో అవి ఇంకా శనివారమే. ఆ రాత్రి కష్టం మొత్తం అవతలివాళ్ళ లాగులతో కలవకుండా పోయింది. ఎంత బాధేసిందంటే ఆ నోట్‌బుక్ ఇప్పటికీ దాచుకున్నా. పేపర్ మీద రాసేవాళ్ళు దయచేసి పక్కన యూటీసీ గడియారం ఒకటి పెట్టుకుని అదే రాయండి.

ఇప్పుడు మాట్లాడే పద్ధతి. మొదటి రెండు గంటలు ఇతరులు పిలుస్తుంటే వెళ్ళి దొరకబుచ్చుకోండి, దీన్ని సెర్చ్ అండ్ పౌన్స్ అంటారు, బ్యాండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళాలి. పిలిచేముందు వాళ్ళ కాల్‌సైన్ పూర్తిగా విని, కొట్టి, చేయలేదని చూసుకుని అప్పుడు మీ కాల్‌సైన్ ఒక్కసారి చెప్పండి, ఒక్కసారే. వాళ్ళది చెప్పక్కర్లేదు, వాళ్ళది వాళ్ళకి తెలుసు. అతను మీ కాల్ చెప్పి "ఫైవ్ నైన్ ఫిఫ్టీన్" (సిగ్నల్ రిపోర్ట్ 59, అతని జోన్ 15) అంటాడు, మీరు "థాంక్యూ, ఫైవ్ నైన్ ట్వంటీటూ" అనాలి, అయిపోయింది, మొత్తం పది సెకన్లు. "ప్లీజ్ కాపీ మై రిపోర్ట్", "గుడ్ ఈవినింగ్ మై డియర్ ఫ్రెండ్ ఫ్రమ్ ఇండియా" లాంటివి మర్యాదే అనుకుంటాంగానీ అవతల పదిమంది ఎదురుచూస్తుంటే ఆ మర్యాద వాళ్ళందరి టైమ్ తినేస్తుంది. సిగ్నల్ ఎలా ఉన్నా 59 అనే చెప్తారు, అది ఆనవాయితీ, దాని మీద ఆలోచించొద్దు. మీ కాల్ తప్పుగా చెప్పాడంటే మాత్రం రిపోర్ట్ ఇవ్వకండి, ముందు కాల్ మళ్ళీ చెప్పండి, తప్పు అక్షరాన్ని ఒత్తి రెండుసార్లు చెప్పండి, అతను సరిచేసి పలికాకే ముందుకి. "ట్వంటీటూ" అర్థం కాలేదంటే "టూ టూ, ట్వంటీటూ" అని రెండు రకాలుగా అనండి.

అక్షరానికో మాట (ఏ కి ఆల్ఫా, పీ కి పాపా) చొప్పున పలకడం అలవాటు కావాలంటే నేను చేసిన పని చెప్తా. బందరు రోడ్డు మీద సిగ్నల్ పడినప్పుడల్లా ముందున్న బండి నంబర్ ప్లేట్ చూసి ఆల్ఫా పాపా వన్ సిక్స్ అంటూ గబగబా చదవడం. రెండు నెలల్లో నాలుక దానంతటదే తిరిగింది. ఒక అక్షరం అవతల పడట్లేదంటే అదే మాట పది సార్లు అరవకుండా వేరే మాట వాడండి, జూలియట్ పడకపోతే జపాన్, హోటల్ పడకపోతే హెన్రీ. ఇంకోటి, బ్యాండ్ మీద "ఇండియా ఇండియా" అని వినపడితే మనల్నే పిలుస్తున్నారని కొత్తవాళ్ళు సంబరపడిపోతారు, ఇటలీ కాల్‌సైన్లు ఐ అక్షరంతో మొదలవుతాయి, ఆ అక్షరానికి మాట ఇండియా, అందుకని ఇండియా కిలో అంటే అది ఇటలీ స్టేషన్!

కాస్త చెయ్యి తిరిగాక మీరే సీక్యూ పిలవాలి, ఇదే నా గట్టి మాట, జోన్ 22 లో ఉండి రెండు రోజులూ వేరేవాళ్ళ వెనక తిరగడం చేతిలో ఉన్న దాన్ని నేలపాలు చేసుకోవడమే. బ్యాండ్ పై భాగంలో రెండు మూడు కిలోహెర్ట్జ్ ఖాళీ చూసి కొన్ని సెకన్లు విని, "ఈజ్ ది ఫ్రీక్వెన్సీ ఇన్ యూజ్" అని రెండుసార్లు అడిగి, జవాబు రాకపోతే మొదలెట్టండి. "సీక్యూ కాంటెస్ట్, విక్టర్ యూనిఫామ్..." అని మీ కాల్ రెండుసార్లు, చివర "కాంటెస్ట్", ఆపి మూడు సెకన్లు వినండి. మళ్ళీ. పది నిమిషాలు ఎవరూ రాకపోయినా ఆపొద్దు, ఒక్కడు మిమ్మల్ని పట్టుకుని క్లస్టర్‌లో (ఎవరు ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారో చెప్పే ఇంటర్నెట్ జాబితా) మీ కాల్ వేశాడంటే చాలు, రెండో నిమిషంలో గుంపు దిగిపోతుంది. సీక్యూ పిలవడాన్ని ముందే మీ గొంతుతో రికార్డ్ చేసి ఎఫ్1 కీకి పెట్టుకోండి, 48 గంటలు అరిస్తే గొంతు ఉండదు, కానీ కాల్‌సైన్లూ రిపోర్టులూ మాత్రం నోటితోనే చెప్పండి, అందులోనే ప్రాణం ఉంటుంది.

గుంపు దిగినప్పుడు ఏం చేయాలి? ముందు కంగారు పడొద్దు. ఆ గోలలో రెండు అక్షరాలు దొరికినా చాలు, "గోల్ఫ్ విస్కీ, ఫైవ్ నైన్ ట్వంటీటూ" అనేయండి, ఆ అక్షరాలున్నవాడు పూర్తి కాల్ చెప్తాడు, మిగతావాళ్ళు ఆగుతారు. ఆగకపోతే? అప్పుడే మీ పట్టుదల కావాలి. గోల్ఫ్ విస్కీ అని మొదలెట్టారంటే గోల్ఫ్ విస్కీ పూర్తయ్యేదాకా ఎంత గట్టిగా అరిచినా ఇంకొకణ్ణి తీసుకోవద్దు. ఒక్కసారి అరిచినవాణ్ణి తీసుకున్నారంటే అరిస్తే పని జరుగుతుందని అందరికీ అర్థమైపోతుంది, ఇక ఆ గుంపు మీ మాట వినదు. ప్రతి క్యూఎస్ఓ చివర "థాంక్యూ" అని మీ కాల్‌సైన్ చెప్పండి, ప్రతిసారీ. పది మందికోసారి చెప్పేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది, అవతల ఎవరో తెలీక ఎంతమంది టైమ్ వేస్ట్ అవుతుందో.

ఇలాంటి గుంపుని అదుపులో పెట్టడం ఊరికే ఆట కాదు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి టీమ్ అండమాన్ వెళ్ళింది, వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్‌తో ప్రపంచం మొత్తం ఎగబడి పిలుస్తోంది, అలా ఉండగానే 26వ తేదీ సునామీ వచ్చింది. ఆ టీమ్ వెంటనే డీఎక్స్ (దూరదేశాలతో కాంటాక్టులు) పక్కన పెట్టి పోర్ట్ బ్లెయిర్ నుంచి అత్యవసర సమాచారం పంపే పనిలో పడింది. గోలలో ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసుకోవడం, ఒక్కొక్కళ్ళనే మాట్లాడించడం, అక్కడ కావాల్సింది అదే కదా. అందుకే కాంటెస్ట్ రోజుల్లో కూడా 14.300, 21.360, 7.110 లాంటి అత్యవసర ఫ్రీక్వెన్సీల దగ్గర చోటు వదిలేయండి, పొద్దున పూట 40 మీటర్ల మీద మన పెద్దాళ్ళ నెట్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి మాట్లాడుకునే గుంపు) నడుస్తుంటే దాని మీద పడి సీక్యూ పిలవకండి.

ఏ టైమ్‌కి ఏ బ్యాండ్ అన్నది సూర్యుడి మీద ఉంటుంది. ఈ సోలార్ సైకిల్ (సూర్యుడి జోరు పెరిగి తగ్గే చక్రం) పీక్ 2024 లో దాటిపోయింది, అయినా ఎగువ బ్యాండ్లు (15, 10 మీటర్లు) ఇంకా బాగానే పలుకుతున్నాయి. మా విజయవాడ నుంచి నాకు పనిచేసే పద్ధతి ఇది: పొద్దున 5:30 నుంచి ఓ గంటన్నర 20 మీటర్లు, అమెరికా దొరికితే అప్పుడే. ఏడు తర్వాత 15, 10 మీటర్ల మీద జపాన్, ఆస్ట్రేలియా వైపు. జపాన్‌కి ఒక్క పాయింటే కాబట్టి మల్టిప్లయర్లు ఏరుకుని స్నానం టిఫిన్ కానిచ్చేస్తా. మధ్యాహ్నం 12:30 కి యూరప్ లేస్తుంది, అక్కడి నుంచి సాయంత్రం దాకా 10 మీటర్ల మీదే కూర్చుని సీక్యూ, అదే నా అసలు పంట. చీకటి పడ్డాక 15, 20. సాయంత్రం ఏడు ఎనిమిది మధ్య అమెరికా తూర్పు తీరం ఇంకోసారి తొంగి చూస్తుంది. రాత్రి పదకొండు తర్వాత 40 మీటర్లు, తెల్లారుజామున సూర్యోదయానికి ముందు ఓ ముప్పావు గంట 40 మీద దూరాలు భలే పలుకుతాయి, ఆ టైమ్ మాత్రం వదలొద్దు. 30, 17, 12 మీటర్ల మీద కాంటెస్ట్ ఉండదు, గోల ఇష్టం లేనివాళ్ళు అక్కడ హాయిగా మాట్లాడుకోవచ్చు.

కేటగిరీ దగ్గర నిజాయితీ ముఖ్యం. 100 వాట్ల లోపు లో పవర్, 5 వాట్ల లోపు క్యూఆర్‌పీ. క్లస్టర్ చూస్తే అసిస్టెడ్, చూడకపోతే నాన్ అసిస్టెడ్, ఒక్క నిమిషం చూసినా చూసినట్టే. క్లస్టర్‌లో వచ్చిన కాల్‌సైన్ చాలాసార్లు తప్పు ఉంటుంది, చెవితో వినకుండా లాగ్‌లో వేయకండి. లైసెన్స్ వచ్చి మూడేళ్ళు దాటనివాళ్ళకి రూకీ అని, 24 గంటలే ఆడేవాళ్ళకి క్లాసిక్ అని అదనపు విభాగాలున్నాయి, కొత్తవాళ్ళు తప్పకుండా పెట్టుకోండి. పెద్ద స్టేషన్లు ఉన్నవాళ్ళే గెలుస్తారు మనవల్ల ఏమవుతుంది అంటారు కొందరు. దాదాపు నాలుగేళ్ళకోసారి జరిగే వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ చాంపియన్‌షిప్ సంగతి చూడండి, 2014 న్యూ ఇంగ్లండ్‌లో, 2018 జర్మనీలో టీములన్నిటికీ ఒకే రకం యాంటెన్నాలు, 100 వాట్లు ఇచ్చి కూర్చోబెట్టారు, అయినా మొదటి టీముకీ చివరి టీముకీ బోలెడు తేడా. ఆ తేడా మొత్తం ఆపరేటర్‌దే.

అక్టోబర్ దాకా ఆగక్కర్లేదు కూడా. జూలై రెండో పూర్తి వారాంతం ఐఏఆర్‌యూ (హామ్‌ల అంతర్జాతీయ సంఘం) వాళ్ళ హెచ్‌ఎఫ్ చాంపియన్‌షిప్ 24 గంటలే, మనకి శనివారం సాయంత్రం 5:30 నుంచి, అందులో ఐటీయూ జోన్ (ఇది వేరే జోన్ల లెక్క) చెప్పాలి, మనది 41, అలవాటులో 22 అనేయకండి. మార్చి, మే నెలాఖర్లలో డబ్ల్యూపీఎక్స్ అనే కాంటెస్ట్, అందులో సీరియల్ నంబర్ ఇవ్వాలి. జపాన్ వాళ్ళ ఆల్ ఏషియన్‌లో వయసు చెప్పాలి. మైక్ దగ్గర బెరుకు ఉన్నవాళ్ళకి ఆగస్టులో డబ్ల్యూడబ్ల్యూ డిజి ఉంది, మాటల బదులు కంప్యూటర్‌తో పంపే ఎఫ్‌టీ8, ఎఫ్‌టీ4 పద్ధతుల మీద, అందులో గ్రిడ్ (ప్రపంచ పటం మీద మీరున్న గడి నంబర్) పంపాలి, హైదరాబాద్ ఎంకే97, విజయవాడ ఎన్‌కే06, విశాఖ ఎన్‌కే17. దూరాన్ని బట్టి పాయింట్లు కాబట్టి మనకి బాగా కలిసొస్తుంది. మోర్స్ నేర్చుకునేవాళ్ళు మోర్స్ రన్నర్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌లో రోజూ పావుగంట ఆడండి, అచ్చం పైలప్‌లాగే ఉంటుంది. మొదట్లో స్పీడ్ అందకపోతే ఒకే స్టేషన్‌ని మూడు నాలుగు సార్లు విని కాల్‌సైన్ ఖాయం చేసుకున్నాకే పిలవండి, 599 ని అందరూ 5ఎన్ఎన్ అని కుదించి కొడతారు, తొమ్మిదికి ఎన్, అది తెలిస్తే సగం భయం పోతుంది.

తిండి, నిద్ర. 48 గంటలూ కూర్చోవాలని రూలేం లేదు. ఇంట్లోవాళ్ళకి పది రోజుల ముందే చెప్పండి, ఆ వారాంతం పెళ్ళికో ఫంక్షన్‌కో మాటిచ్చి ఉంటే పెళ్ళికే వెళ్ళండి, కాంటెస్ట్ వచ్చే ఏడు కూడా ఉంటుంది. మధ్యాహ్నం పప్పు, వేపుడు, అప్పడాలతో పూర్తి భోజనం చేస్తే సరిగ్గా యూరప్ లేచే టైమ్‌కి నిద్రొస్తుంది, పెరుగన్నం, మజ్జిగ, అరటిపండ్లు చాలు. గొంతుకి గోరువెచ్చని నీళ్ళు, రాత్రి మిరియాల పాలు. హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తక్కువ పెట్టుకోండి, చెవులు పోతే మళ్ళీ రావు.

అయిపోయాక లాగ్ పంపాలి, ఇరవై క్యూఎస్ఓలే చేసినా పంపాలి. సాఫ్ట్‌వేర్ కాబ్రిల్లో ఫైల్ ఇస్తుంది, సీక్యూ వరల్డ్‌వైడ్‌కి ఐదు రోజుల్లోపు అప్‌లోడ్ చేయాలి. పోటీలో వద్దనుకుంటే చెక్‌లాగ్ అని పెట్టి పంపండి. మీరు పంపకపోతే మీతో మాట్లాడినవాళ్ళ లాగులని సరిచూడటానికి మీ వైపు ఆధారం ఉండదు. కాంటెస్ట్ అయ్యాక ఇంటర్నెట్‌లో వెతికి కాల్‌సైన్లు దిద్దడం, "నా లాగ్‌లో మీ కాల్ ఇలా ఉంది, కరెక్టేనా" అని మెసేజ్‌లు పెట్టడం చేయకండి, గాలిలో ఏది విన్నారో అదే లాగ్. తప్పు కాల్‌సైన్ ఉంటే ఆ క్యూఎస్ఓ పోవడమే కాదు, పైన ఇంకొన్ని పాయింట్లు కోస్తారు, అందుకే అనుమానం ఉంటే అప్పుడే "అగైన్" అని అడగాలి, సిగ్గేం లేదు.

కొన్ని నెలలకి లాగ్ చెకింగ్ రిపోర్ట్ వస్తుంది, ఎక్కడెక్కడ తప్పు విన్నారో వరసగా ఉంటుంది. నా మట్టుకు సర్టిఫికెట్ కంటే అదే విలువైంది. పోయినసారి నాది ప్రింట్ తీసి టైమ్ ప్రకారం పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళా, తప్పుల్లో సగానికి పైగా రాత్రి రెండుకీ నాలుగుకీ మధ్యలోవే, అన్నీ 40 మీటర్ల మీద, అన్నీ నిద్రమత్తులో విన్నవే. ఈసారి ఒంటిగంటకి పడుకుని నాలుగున్నరకి అలారం పెట్టుకుంటా.